స్టీరాయిడ్ హార్మోన్లు డీఎన్‌ఏను విరుస్తాయా, లేక ఉన్న కణాలనే పెంచుతాయా?

మాంబళం_మేడ

సభ్యులందరికీ నమస్కారం. నాకు 51 ఏళ్లు. నెలసరి ఆగిపోయి ఏడాది దాటింది. రాత్రిళ్లు ఒంట్లోంచి ఆవిర్లు వచ్చి, ఏసీ వేసుకున్నా రెండుసార్లు బట్టలు మార్చుకోవలసి వస్తోంది. చెన్నై ఉక్కపోత అనుకుని ఆరు నెలలు ఓర్చుకున్నాను, ఇక కాలేదు. మా గైనకాలజిస్టు ఈస్ట్రోజెన్‌తో పాటు ప్రొజెస్టరాన్ కూడా రాశారు. మా పిన్నికి 62వ ఏట రొమ్ము క్యాన్సర్ వచ్చింది. ఆపరేషన్ తరువాత ఆవిడ ఐదేళ్లు టమాక్సిఫెన్ మాత్ర వేసుకున్నారు, ఇప్పటికీ క్షేమంగా ఉన్నారు.

ఈ చీటీ చూసి మా అక్క కొడుకు, "హార్మోను డీఎన్‌ఏను ముక్కలు చేస్తుంది, ముట్టుకోకు పిన్నీ" అంటున్నాడు. మావారేమో, "హార్మోను ఎరువులాంటిది, విత్తనమే లేనప్పుడు ఎరువు ఏం చేస్తుంది" అంటున్నారు. ఈ ఇద్దరిలో ఎవరి మాట నిజం? వాడాలా వద్దా అన్నది డాక్టరునే అడుగుతాను. లోపల జరిగేది ఏమిటో తెలిసినవారు వివరిస్తే చాలు.

జీవరసాయనం

అమ్మా, మీ ఇంట్లో ఇద్దరూ చెరో సగం చెప్పారు.

మీవారు చెప్పిన ఎరువు సంగతి పాతది, గట్టిది. 1896లో గ్లాస్గోలో జార్జ్ బీట్సన్ అనే సర్జన్, ముదిరిన రొమ్ము క్యాన్సర్ ఉన్న స్త్రీకి అండాశయాలు తీసివేస్తే కణితి కరిగిపోయిందని ప్రకటించాడు. అప్పటికి హార్మోను అన్న మాటే పుట్టలేదు, ఈస్ట్రోజెన్లలో ఒకటైన ఈస్ట్రోన్‌ను శుద్ధంగా వేరుచేసింది 1929లో. మగవారిలో ప్రోస్టేట్ క్యాన్సర్‌కు వృషణాలు తీసివేస్తే మేలు కలుగుతుందని 1941లో చూపిన చార్లెస్ హగ్గిన్స్‌కు 1966లో నోబెల్ బహుమతి వచ్చింది. హార్మోను కణంలోకి వెళ్లి, తన కోసమే ఉన్న ప్రోటీన్ అయిన రిసెప్టర్‌ను పట్టుకుంటుంది, ఆ రిసెప్టర్ డీఎన్‌ఏ మీద కూర్చుని, విభజించమని చెప్పే జన్యువులను తెరుస్తుంది. విభజన పెరిగినకొద్దీ నకలు తీయడంలో తప్పులు దొర్లే అవకాశాలూ పెరుగుతాయి. ఈ దారిలో హార్మోను స్వయంగా డీఎన్‌ఏను ముట్టుకోదు.

మీ అక్క కొడుకు చెప్పినది రెండో దారి. ఒంట్లోని ప్రధాన ఈస్ట్రోజెన్ అయిన ఈస్ట్రడయోల్‌ను శరీరం వదిలించుకునే క్రమంలో కొన్ని ఎంజైములు దానికి అదనంగా ఒక హైడ్రాక్సిల్ గుంపును తగిలిస్తాయి. సీవైపీ1ఏ1 రెండో స్థానంలోనూ, సీవైపీ1బీ1 నాలుగో స్థానంలోనూ తగిలిస్తాయి. నాలుగో స్థానంలో తగిలించగా వచ్చిన పదార్థం మరింత ఆక్సీకరణ చెందితే క్వినోన్ అవుతుంది. ఆ క్వినోన్‌కు డీఎన్‌ఏలోని అడినీన్, గ్వానీన్ అనే అక్షరాల మీద మోజు ఎక్కువ. దాన్ని అంటించుకున్న అడినీన్ గానీ గ్వానీన్ గానీ చక్కెర వెన్ను నుంచి ఊడిపోతుంది. పన్ను ఊడిన చోట చిగురు మిగిలినట్టు, అక్కడ ఒక ఖాళీ మిగులుతుంది. మరమ్మతు యంత్రాంగం ఆ ఖాళీలో తప్పు అక్షరం పెడితే అదే ఉత్పరివర్తనం. నెబ్రాస్కా విశ్వవిద్యాలయంలో ఎర్కోలే కావలియేరి, ఎలినార్ రోగన్ దశాబ్దాల తరబడి శ్రమించి ఈ రసాయనాన్ని విడమర్చి చూపారు. దీనికి తోడు, ఈ పదార్థాలు క్వినోన్ రూపంలోకి వెళ్లి వెనక్కి వచ్చిన ప్రతిసారీ సూపరాక్సైడ్ అనే చురుకైన ఆక్సిజన్ రూపం పుడుతుంది, అదీ డీఎన్‌ఏకు హానికరమే.

శరీరానికి రక్షణ లేకపోలేదు. సీవోఎంటీ అనే ఎంజైము ఆ హైడ్రాక్సిల్‌కు మిథైల్ తొడిగి దాని కోరలు పీకేస్తుంది. అప్పటికీ తప్పించుకుని తయారైన క్వినోన్‌ను గ్లూటాథయోన్ పట్టుకుంటుంది.

తరమణి_రైలు

జీవరసాయనం గారు రసాయనాన్ని చక్కగా వివరించారు గానీ, అది క్యాన్సర్‌కు కారణమని నమ్మే ముందు నాకు మూడు అడ్డంకులు కనిపిస్తున్నాయి.

ఒకటి. బ్యాక్టీరియా మీద చేసే ఏమ్స్ పరీక్షలో ఈస్ట్రడయోల్ ఉత్పరివర్తనాలు పుట్టించదు. ఈస్ట్రోజెన్ ఎరువే తప్ప విషం కాదని చాలాకాలం వాదించినవారికి ఇదే ప్రధాన ఆధారం. రెండు. రెండో దారిని సమర్థించేవారు ఎక్కువగా చూపేది సిరియన్ హ్యామ్‌స్టర్ మూత్రపిండాన్ని. అందులో నాలుగో స్థానపు పదార్థం కణితులు పుట్టించింది, రెండో స్థానపుది పుట్టించలేదు. తేడా ఆసక్తికరమే, కాని అది హ్యామ్‌స్టర్, పైగా మూత్రపిండం. మూడోది నాకు అన్నిటికన్నా ముఖ్యం. హార్మోను ఊసే లేకుండా, కేవలం నీరు, వేడి కారణంగా మన ఒక్కొక్క కణంలోనూ రోజుకు సుమారు 10,000 ప్యూరిన్లు (అంటే అడినీన్, గ్వానీన్ అక్షరాలు) వాటంతట అవే ఊడిపోతాయి. ఈ అంచనా వేసిన థామస్ లిండాల్‌కు డీఎన్‌ఏ మరమ్మతు పరిశోధనకు గాను 2015లో నోబెల్ వచ్చింది. రోజూ పదివేల గుంతలు పూడ్చే మునిసిపాలిటీకి ఇంకో నాలుగు గుంతలు తోడైతే ఊరు మునుగుతుందా? (మన వేళచ్చేరి రోడ్లను తలచుకుని ఈ ఉపమానాన్ని కొట్టిపారేయకండి.)

జీవరసాయనం

న్యాయమైన అభ్యంతరాలు. ఏమ్స్ పరీక్ష సంగతి ముందుగా చెబుతాను. ఒక అక్షరం బదులు ఇంకో అక్షరం పడే తప్పులను అది బాగా పడుతుంది గానీ, క్రోమోజోము విరగడం, అతుకులు మారడం వంటి పెద్ద దెబ్బలు దానికి దొరకవు. పైగా బ్యాక్టీరియాకు ఈస్ట్రోజెన్ రిసెప్టరే లేదు. హ్యామ్‌స్టర్ విషయంలో మీతో ఏకీభవిస్తున్నాను. గుంతల లెక్కకు మాత్రం ఒక సవరణ. ఎన్ని గుంతలన్నదే కాదు, ఎప్పుడన్నదీ చూడాలి. రొమ్ము కణాన్ని విభజించమని తొందరపెడుతున్న హార్మోనే ఆ గుంతలనూ తవ్వుతోంది, కాబట్టి పూడ్చేలోపే నకలు యంత్రం వాటి మీదుగా వెళ్లిపోయే ప్రమాదం ఎక్కువ.

నన్ను నిజంగా ఆలోచింపజేసినది ఈ రెండు దారులూ కాదు, మూడోది. రిసెప్టర్ జన్యువులను ఉధృతంగా చదివించడమే డీఎన్‌ఏను విరుస్తుందని తేలింది. జన్యువును చదివినప్పుడు కొత్తగా తయారైన ఆర్‌ఎన్‌ఏ కొన్నిచోట్ల డీఎన్‌ఏ పోగునే అంటిపెట్టుకుని, రెండో పోగును పక్కకు నెట్టి ఉచ్చులా బిగుసుకుంటుంది. దీన్ని ఆర్-లూప్ అంటారు. నకలు యంత్రం వచ్చి ఆ ఉచ్చులో తగులుకుంటే డీఎన్‌ఏ తెగుతుంది. రొమ్ము క్యాన్సర్ కణాలకు ఈస్ట్రోజెన్ ఇస్తే ఈ ఉచ్చులూ, వాటి వల్ల డీఎన్‌ఏ తెగడమూ పెరుగుతాయని 2016లో స్టాన్‌ఫర్డ్‌లోని కార్లీన్ సింప్రిచ్ బృందం చూపింది.

ప్రోస్టేట్‌లోనూ ఇటువంటి కథే ఉంది. టీఎంపీఆర్ఎస్ఎస్2, ఈఆర్‌జీ అనే రెండు జన్యువులు 21వ క్రోమోజోము మీద సుమారు 30 లక్షల అక్షరాల ఎడంలో ఉంటాయి. పాశ్చాత్య దేశాల్లో పరీక్షించిన ప్రోస్టేట్ క్యాన్సర్లలో దాదాపు సగానికి ఇవి ఒకదానికొకటి అతుక్కుని కనిపిస్తాయి, ఈ అతుకును 2005లో మిషిగన్ బృందం కనిపెట్టింది. ఎందుకు అతుక్కుంటాయి? డీఎన్‌ఏ మెలికలు విప్పడానికి దాన్ని తాత్కాలికంగా కోసి మళ్లీ కలిపే టోపోఐసోమరేజ్ 2 బీటా అనే ఎంజైమును ఆండ్రోజెన్ (మగ హార్మోను) రిసెప్టర్ సరిగ్గా ఆ చోట్లకే పిలుస్తుందని 2010లో తేలింది. కోసిన కొసలు కొన్నిసార్లు తప్పు జతను వెతుక్కుంటాయి.

2023లో హార్వర్డ్‌లోని పీటర్ పార్క్ బృందం 780 రొమ్ము క్యాన్సర్ల జన్యుసముదాయాలను చదివి, క్యాన్సర్ జన్యువులు అనేక ప్రతులుగా పెరిగిపోయిన సందర్భాల్లో చాలావాటికి మూలం రెండు క్రోమోజోములు తప్పుగా అతుక్కోవడమేనని, ఆ విరిగిన చోట్లు ఈస్ట్రోజెన్ రిసెప్టర్ కూర్చునే చోట్లకు దగ్గరగా ఉన్నాయని ప్రకటించింది. ఇది మనుషుల కణితుల్లో దొరికిన ముద్ర, హ్యామ్‌స్టర్‌ది కాదు.

తరమణి_రైలు

ఈ మూడో దారికి నేను తలవంచుతున్నాను. కాని గమనించండి, ఇక్కడ కూడా హార్మోను రసాయన విషంగా కాక రిసెప్టర్ ద్వారానే పనిచేస్తోంది. ఎరువు చల్లే నాగలే పాదును కోసింది.

మందుల_చీటీ

పెరంబూరులో మందుల షాపు నడుపుతున్నవాడిగా ఒక మాట. ఈ శీర్షికలోని "స్టీరాయిడ్" అన్న మాటతోనే మా కౌంటర్ దగ్గర రోజూ గొడవ. ఉబ్బసానికి పీల్చే మందు ఇచ్చినా, నెఫ్రోటిక్ అనే మూత్రపిండాల జబ్బున్న పిల్లవాడికి ప్రెడ్నిసొలోన్ ఇచ్చినా, "ఇది స్టీరాయిడా, క్యాన్సర్ వస్తుందా" అని అడిగి కొందరు మధ్యలో మానేస్తారు. అలా హఠాత్తుగా మానడమే అసలు ప్రమాదం, ఎందుకంటే మందుకు అలవాటుపడిన అడ్రినల్ గ్రంథి వెంటనే తన పని అందుకోలేదు.

కొలెస్టరాల్ నుంచి పుట్టినవి కనుక వీటన్నిటికీ కుటుంబం పేరు ఒకటే, గుణాలు వేరు. కార్టిసాల్ తరహా మందులు లింఫ్ కణాలను చంపుతాయి. అందుకే పిల్లల్లో వచ్చే లింఫోబ్లాస్టిక్ లుకేమియా చికిత్సలో ప్రెడ్నిసొలోన్, డెక్సామెథసోన్ మూలస్తంభాలు. ఈ మందులను పెద్ద మోతాదులో చాలాకాలం వాడినవారికి, ముఖ్యంగా అవయవ మార్పిడి చేయించుకున్నవారికి కపోసీ సార్కోమా వంటి క్యాన్సర్లు రావడానికి కారణం రోగనిరోధక శక్తి అణగిపోవడం. ఆ దారికీ జీవరసాయనం గారు చెప్పిన మూడు దారులకూ సంబంధం లేదు.

గిండీ_గుర్రం

మా జిమ్‌లో కండల కోసం స్టానజొలాల్, నాండ్రొలోన్ వాడే కుర్రాళ్లు ఉన్నారు. "మన ఒంట్లో ఉన్న హార్మోనే కదా అన్నా" అంటారు. వాళ్లకు ఏం చెప్పాలి?

మందుల_చీటీ

స్టానజొలాల్ మన ఒంట్లో ఉన్నది కాదని చెప్పండి. నోటి ద్వారా వేసుకున్న టెస్టోస్టెరాన్‌ను కాలేయం వెంటనే విరిచేస్తుంది, అలా విరవకుండా 17వ స్థానంలో ఒక ఆల్కైల్ గుంపును తగిలించి ఇటువంటి మాత్రలు తయారుచేశారు. దాంతో భారమంతా కాలేయం మీద పడుతుంది. ఫ్యాంకోనీ రక్తహీనతకు ఏళ్ల తరబడి ఆండ్రోజెన్లు ఇచ్చిన రోగుల్లో కాలేయ కణితులూ, రక్తం నిండిన బొబ్బలూ కనిపించాయి. అసలు ఫ్యాంకోనీ అంటేనే డీఎన్‌ఏ మరమ్మతులో పుట్టుకతో ఉన్న లోపం, కనుక ఆ నిదర్శనాన్ని ఆరోగ్యవంతులకు యథాతథంగా వర్తింపజేయలేము. అయినా అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ ఐఏఆర్‌సీ ఈ అనబాలిక్ స్టీరాయిడ్లను 2ఏ తరగతిలో, అంటే మనుషుల్లో క్యాన్సర్ కలిగించే అవకాశం గట్టిగా ఉన్నవాటిలో చేర్చింది.

డీఎన్‌ఏకు నేరుగా అంటుకునే మందు కావాలంటే సైప్రోటెరోన్ అసిటేట్ ఉంది. మొటిమలకూ, పీసీఓఎస్‌కూ వాడే ఒక రకం మాత్రలో ఇది 2 మిల్లీగ్రాములు ఉంటుంది. ప్రయోగశాలలో మనిషి కాలేయ కణాల డీఎన్‌ఏకు కూడా ఇది అంటుకుంది. చిత్రమేమిటంటే 2020లో ఐరోపాలో దీని మీద ఆంక్షలు వచ్చింది అందుకు కాదు, పెద్ద మోతాదుల్లో వాడినవారికి మెదడు పొరల్లో మెనింజియోమా వస్తున్నందుకు. ఆ కణితికి ప్రొజెస్టరాన్ రిసెప్టర్లు ఉంటాయి. మళ్లీ ఎరువు కథే.

ఆవడి_అక్క

కుటుంబ నియంత్రణ సేవల్లో పనిచేస్తాను. మెనింజియోమా మాట వచ్చింది కనుక చెబుతున్నాను. ప్రభుత్వ ఆసుపత్రుల్లో మూడు నెలలకొకసారి ఇచ్చే "అంతర" ఇంజెక్షన్‌లో ఉన్నది ప్రొజెస్టరాన్‌ను పోలిన మెడ్రాక్సీప్రొజెస్టరాన్. దాన్ని ఏడాదికి పైగా వాడినవారిలో ఆపరేషన్ అవసరమైన మెనింజియోమా 5.6 రెట్లు ఎక్కువగా కనిపించిందని 2024లో ఫ్రాన్స్ నుంచి ఒక అధ్యయనం వచ్చింది. రెట్లు పెద్దవే, కాని ఆ కణితి అరుదైనది, చాలావరకు క్యాన్సర్ కానిది. కాన్పుల మధ్య ఎడం లేక రక్తహీనతతో నా ముందు కూర్చున్న ఇరవై రెండేళ్ల అమ్మాయితో ఈ రెండు మాటలూ కలిపి చెప్పాలి.

మాత్రల విషయమూ అంతే. మాలా-ఎన్ వంటి, రెండు హార్మోన్లు కలిసిన మాత్రలను ఐఏఆర్‌సీ 2005లో మొదటి తరగతి క్యాన్సర్ కారకాల్లో చేర్చిందని చదివి హడలిపోయేవారికి అదే సంస్థ ఇంకో మాటా చెప్పిందని గుర్తుచేస్తాను: అండాశయ క్యాన్సర్, గర్భసంచి లోపలి పొర క్యాన్సర్ ఈ మాత్రల వల్ల తగ్గుతాయి. తరగతి అన్నది సాక్ష్యం ఎంత గట్టిదో చెబుతుందే గాని, ముప్పు ఎంత పెద్దదో చెప్పదు. 18 లక్షల మంది డెన్మార్క్ స్త్రీల మీద 2017లో వచ్చిన లెక్క ప్రకారం, సుమారు 7,690 మంది ఒక ఏడాది హార్మోను గర్భనిరోధకాలు వాడితే రొమ్ము క్యాన్సర్ ఒకటి అదనంగా వస్తుంది. హార్మోను మాటే వద్దనేవారికి లక్నోలోని మందుల పరిశోధన సంస్థ సీడీఆర్ఐలో పుట్టిన "ఛాయ" మాత్ర ఉంది, అది స్టీరాయిడ్ కాదు.

మాంబళం_మేడ

ఇంత ఓపికగా రాస్తున్నందుకు అందరికీ కృతజ్ఞతలు. మా అక్క కొడుకుకు చదివి వినిపించాను, ఆర్-లూప్ దగ్గర వాడే తడబడ్డాడు. నాకు మిగిలిన సందేహం ఇది: ఈస్ట్రోజెనే విరిచేదైతే, నాకు ప్రొజెస్టరాన్ కూడా ఎందుకు? రెండిట్లో ఏది ఎక్కువ ప్రమాదం?

తరమణి_రైలు

ఈ చర్చ మొత్తంలో నాకు నచ్చిన ప్రశ్న ఇదే, ఎందుకంటే దీని జవాబు అందరి సిద్ధాంతాలనూ ఇబ్బంది పెడుతుంది.

గర్భసంచి ఉన్న స్త్రీలకు ఈస్ట్రోజెన్ ఒక్కటే ఇస్తే లోపలి పొర క్యాన్సర్ బాగా పెరుగుతుందని 1975లోనే తెలిసింది. ప్రొజెస్టరాన్ ఆ పొర పెరుగుదలను ఆపుతుంది, మీకు రాసింది అందుకే. కాని రొమ్ము ఆ మాట వినదు. అమెరికాలో విమెన్స్ హెల్త్ ఇనిషియేటివ్ అనే ప్రయోగంలో 16,608 మంది స్త్రీలు పాల్గొన్న, రెండు హార్మోన్లూ కలిపి ఇచ్చిన భాగాన్ని 2002 జూలైలో మధ్యలోనే ఆపేశారు. ఏడాదికి పదివేల మందిలో మందు లేనివారికి 30 రొమ్ము క్యాన్సర్లు రాగా, మందు వాడినవారికి 38 వచ్చాయి. పత్రికలు దాన్నే "26 శాతం పెరిగింది" అని రాశాయి. రెండూ నిజమే, వినేటప్పుడు గుండె కొట్టుకునే వేగం మాత్రం వేరు.

ఇబ్బంది పెట్టేది అదే ప్రయోగంలోని రెండో భాగం. గర్భసంచి తీసేసిన స్త్రీలకు ఈస్ట్రోజెన్ ఒక్కటే ఇచ్చారు. వారిలో రొమ్ము క్యాన్సర్ పెరగలేదు సరికదా, దీర్ఘకాలం గమనించాక తగ్గిందని తేలింది. క్వినోన్ దారే ప్రధానమైతే ఇది జరగకూడదు. మరోవైపు 2019లో ప్రపంచవ్యాప్త అధ్యయనాలను కలిపి ఆక్స్‌ఫర్డ్ వారు వేసిన లెక్క వేరుగా ఉంది: 50వ ఏట మొదలుపెట్టి ఐదేళ్లు వాడితే, రెండు హార్మోన్లూ రోజూ కలిపి వాడిన 50 మందిలో ఒకరికి, ఈస్ట్రోజెన్ ఒక్కటే వాడిన 200 మందిలో ఒకరికి, 69 ఏళ్లు వచ్చేలోగా అదనంగా రొమ్ము క్యాన్సర్ వస్తుంది. ఈస్ట్రోజెన్ విషయంలో ఈ రెండూ పొసగవు. అమెరికా ప్రయోగంలో చేరినవారి సగటు వయసు 63, అంటే చాలామందికి ముట్లుడిగి ఏళ్లు గడిచాయి. చాలాకాలం ఈస్ట్రోజెన్ లేక ఎండిన రొమ్ము కణం మళ్లీ అది తగలగానే చనిపోతుందన్న వివరణ ఒకటి ఉంది, నాకు అది సగమే నచ్చింది.

జీవరసాయనం

నాకూ సగమే. దీనికి ఇంకో ముడి కలుపుతాను. తెగిన డీఎన్‌ఏను బాగుచేసే బీఆర్‌సీఏ1 జన్యువు పుట్టుకతో చెడినవారిలో, చిన్న వయసులోనే అండాశయాలు తీసివేస్తే రొమ్ము క్యాన్సర్ తగ్గుతుందని పలు అధ్యయనాలు చూపాయి. కాని వారికి వచ్చే కణితుల్లో ఎక్కువ భాగానికి ఈస్ట్రోజెన్ రిసెప్టరే ఉండదు. రిసెప్టర్ లేని కణితికి ఎరువు అక్కర్లేదు గనుక, ఎరువు సిద్ధాంతం ఒక్కటే ఇక్కడ చాలదు. మరమ్మతు ఎంత బలంగా ఉందన్న దాన్ని బట్టే ఏ దారి ఎంత ముఖ్యమో మారుతుందని నా అభిప్రాయం.

ఆవడి_అక్క

మాంబళం_మేడ గారూ, మీ పిన్నిగారి టమాక్సిఫెన్ కూడా ఈ చర్చలోకే వస్తుంది. అది రొమ్ములో ఈస్ట్రోజెన్‌ను అడ్డుకుంటుంది, గర్భసంచిలో ఈస్ట్రోజెన్‌లాగే ప్రవర్తిస్తుంది. అందుకే ఐఏఆర్‌సీ దాన్నీ మొదటి తరగతిలోనే చేర్చింది, అయినా లక్షల మందిని కాపాడుతున్న మందు అదే. ఆవిడకు ఎప్పుడైనా రక్తస్రావం కనిపిస్తే ఆలస్యం చేయకుండా చూపించమనండి.

మాంబళం_మేడ

నిన్న డాక్టరు దగ్గరికి వెళ్లివచ్చాను. మీ మాటలన్నీ ఒక కాగితం మీద రాసుకుని పట్టుకెళ్లాను. ఆవిడ నవ్వి, ముందుగా పిన్నికి ఏ వయసులో వచ్చింది, రెండు రొమ్ములకా ఒకదానికా, ఇంట్లో ఇంకెవరికైనా రొమ్ముకు గానీ అండాశయానికి గానీ వచ్చిందా అని అడిగారు. 62వ ఏట, ఒక్కదానికే, ఇంకెవరికీ లేదు అంటే, బీఆర్‌సీఏ పరీక్ష ఇప్పుడే తొందరపడి చేయించనక్కర్లేదన్నారు. నా బరువు చూసి, ముట్లుడిగాక కొవ్వే ఆండ్రోజెన్‌ను ఈస్ట్రోజెన్‌గా మారుస్తుందని, మాత్ర వేసుకోకపోయినా నా ఒంట్లో చిన్న ఫ్యాక్టరీ నడుస్తూనే ఉందని కూడా అన్నారు. ఆ మాట మావారికి చెప్పలేదు.

మామోగ్రామ్ తీయించాక, అది బాగుంటే చర్మానికి రాసుకునే ఈస్ట్రోజెన్ జెల్ తక్కువ మోతాదులో, రాత్రిపూట ప్రొజెస్టరాన్‌తో మొదలుపెట్టి, ఏడాదికి మళ్లీ చూద్దామన్నారు. మామోగ్రామ్ వచ్చే మంగళవారం. పిన్ని పాత ఫైలు కూడా పరుపు కింద నుంచి తీయించాను. అందులో ఈస్ట్రోజెన్ రిసెప్టర్ ఎదురుగా ప్లస్ గుర్తులు మూడు ఉన్నాయి.